బండి ఏల జారును?
(మన గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు, భారతములో నుండియో భాగవతములో నుండియో ఒక ఘట్టమును దీసికొని మాటలాడుదునని మీలో చాలమంది తలంచి యుందురు. నేనును మొదట అట్లే తలంచితిని. కాని గడచిన రెండేండ్లుగా నా మనస్సును పట్టుకొని వదలని విషయమొకటి గలదు. అది బండి జారుట. ఇది కావ్యగోష్ఠికి దగిన వస్తువు కాదని మీరు నవ్వవచ్చును. అయినను మన యూరి యువకులలో సగము మంది ప్రతిదినము ద్విచక్ర వాహనములపై నగరమునకు పోయి వచ్చుచున్నారు. వారి తల్లులు చీకటి పడిన తరువాత వాకిలి వైపు చూచుచు కూర్చుందురు. కావున ఈ విషయము మన గ్రంథాలయమునకు పరాయిది కాదని నా మనవి.

రెండేండ్ల క్రిందట, ఆషాఢ మాసమున, పెండ్లి పత్రికలు అచ్చొత్తించుటకై మా తమ్ముని కుమారునితో గూడి హైదరాబాదు పాతబస్తీకి బోయితిని. ఛత్తా బజారులో అచ్చుపని చేయువారు వరుసగా నుందురని మీకందఱకు తెలిసినదే. పని ముగించుకొని బయలుదేఱునప్పటికి చినుకులు మొదలైనవి. పిల్లవాడు బండి నడుపుచున్నాడు. నేను వెనుక, ఒడిలో పత్రికల కట్టతో కూర్చుంటిని. ప్రక్కనున్న యొక సందులో నున్నని రాతి పఱపు గలదు. దాని నడుమ ఇనుప మూత. వేగమేమియు లేదు. ఎదురుగా ఒక మేక అడ్డము వచ్చినది. పిల్లవాడు బ్రేకు నొక్కెను. మరుక్షణమున మేమిద్దఱమును నేలపై నుంటిమి. పత్రికలు బురదలో నున్నవి. దైవకృప వలన మోచేతులు కొట్టుకొనిపోవుటతో సరిపోయినది.

నేను లేచి, మొదట చేసిన పని పిల్లవానిని మందలించుట. అంతట ఎదుటి చాయ్ దుకాణపు యజమాని వచ్చి మమ్ము లేవదీసి, నన్ను వారించి యిట్లనెను: “పిలగాన్ని అనకుండ్రి సాబ్. పొద్దటి సంది మీరు మూడోవాండ్లు. వాన షురూ అయితే ఈ రాయి ఇట్లనే చేస్తది. ఇంక జర సేపు కుండపోత కురిస్తే మళ్లీ ఎవ్వరూ పడరు.”

వాన పడినకొద్దీ జాఱుడు హెచ్చవలెను గదా, తగ్గుట యెట్లని నాకు వింత దోచినది. లెక్కలు వ్రాసి వ్రాసి అలవాటు పడినవాడను గాన, అచ్చటనే కూర్చుండి చూచితిని. చినుకు సన్నగా నుండగా మఱియొక కుఱ్ఱవాడు జారి, కాలు మోపి నిలద్రొక్కుకొనెను. పిమ్మట వాన ఉధృతమై వీధి కాలువవలె పాఱినది. అటుపిమ్మట అర్ధగంట సేపటిలో నా కండ్ల యెదుట ఒక్కరును జారలేదు. ఆ దుకాణదారుడు పుస్తకము చదివి చెప్పిన మాట కాదది. రోజూ చూచి చెప్పిన మాట. అది సత్యమని నేను పిదప పుస్తకములలో చదివి తెలిసికొంటిని. ఆ చదివిన దానినే ఇప్పుడు మీకు విన్నవింతును.

మొదట, బండిని రోడ్డుపై నిలుపుచున్నదేమి? బ్రేకు అని కొందఱందురు. బ్రేకు చక్రమును మాత్రమే ఆపగలదు. బండిని ఆపునది రోడ్డు. టైరునకును రోడ్డునకును నడుమ గల ఒరపిడియే బండిని ముందుకు నడిపించును, మలుపున త్రిప్పును, ఆపవలసినప్పుడు ఆపును. దీనినే శాస్త్రజ్ఞులు ఘర్షణ యందురు. మన వాడుకలో ‘పట్టు’ అన్న మాట చాలును.

ఈ పట్టు ఎంత చోటులో నున్నదో యోచింపుడు. బండియు, దానిపై ఇద్దఱు మనుష్యులును గలిసి 260 కిలోలని అనుకొందము. టైరులోని గాలి చదరపు సెంటీమీటరునకు సుమారు 2 కిలోల ఒత్తిడి కలిగి యున్నది. 260ని 2చే భాగింపగా 130 చదరపు సెంటీమీటర్లు వచ్చును. రెండు చక్రములును గలిసి నేలను తాకు చోటు సుమారుగా ఇంతే. తపాలా కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. అనగా 126 చదరపు సెంటీమీటర్లు. రెండు నిండు ప్రాణములు ఒక్క తపాలా కార్డంత చోటుపై నానుకొని పోవుచున్నవన్న మాట. ఈ లెక్క వేసిననాడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కార్డంత చోటు రబ్బరు. పూర్వము ఇట్లు లేదు. మన యెడ్లబండ్లకు ఇనుప కమ్ములుండెడివి. పాతబస్తీ జట్కాల గుఱ్ఱములకు ఇనుప లాడములుండెడివి. నున్నని రాతిపై ఇనుము జారుననుట జట్కా తోలినవారి కందఱకు ఎఱుకయే. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ గంధకముతో రబ్బరును కాచి గట్టిపఱచు విధము కనుగొనెను. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరునకు హక్కుపత్రము పొందెను. 1932 జూన్ మాసమున నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో ప్రజల కొఱకు రోడ్డు రవాణా ఆరంభించునప్పటికి మన నేలపై రబ్బరు యుగము స్థిరపడినది.

రబ్బరు రోడ్డును రెండు విధములుగా పట్టుకొనును. ఒకటి, అంటుకొనుట. పొడిగా నున్న రాతిని రబ్బరు అణువు అణువున తాకి అంటుకొనును. రెండవది, అచ్చు పడుట. రోడ్డుపై నున్న గరుకు రాళ్ల మొనలు మెత్తని రబ్బరులోనికి దిగును. రబ్బరు ఆ మొనలను చుట్టుకొని లోపలికి అణగి, మరల పొంగుచు సాగును. ఇట్లు అణగి పొంగుటలో బలము ఖర్చగును. ఆ ఖర్చే మనకు పట్టు. ఈ రెండు విషయములు జ్ఞాపక ముంచుకొన్నచో తక్కిన దంతయు సులభముగా బోధపడును. నీరు గాని, నూనె గాని, దుమ్ము గాని నడుమ జేరినచో మొదటిది చెడును. రాయి అఱిగి నున్ననైనచో రెండవది చెడును. రెండును ఒక్కసారి చెడిన చోట, మేము పడినట్లు పడుదురు.

ఇంకొక రహస్యము. దొర్లుచున్న చక్రములో, నేలను తాకుచున్న భాగము ఆ క్షణమున కదలక నిలిచి యుండును. మన పాదము వంటిదే అది; నడచుచున్న మనుష్యుని దేహము ముందుకు సాగుచున్నను, నేలపై మోపిన పాదము కదలదు గదా! నిలిచి యున్నదాని పట్టు హెచ్చు. జారుట మొదలు పెట్టినదాని పట్టు తక్కువ. బరువైన పెట్టెను నెట్టి చూచినవారికి ఇది తెలియును: కదలించుటకే కష్టము, కదలిన పిమ్మట సులభము. బ్రేకును ఒక్కసారిగా గట్టిగా నొక్కినచో చక్రము దొర్లుట మాని బిగిసిపోవును. అప్పుడది జారుడు బల్ల. ముందు చక్రము బిగిసినచో చేయి త్రిప్పినను బండి మాట వినదు. కావుననే బిగియబోవు చక్రమును క్షణమునకు అనేక పర్యాయములు వదలి పట్టు యంత్రమును కనిపెట్టిరి, దానిని ఏ.బి.ఎస్. అందురు. 2019 ఏప్రిల్ నుండి మన దేశమున 125 సి.సి.కి మించిన ద్విచక్ర వాహనములన్నిటికి అది ఉండవలెనని నియమము వచ్చినది. కాని ఏ.బి.ఎస్. లేని పట్టును పుట్టింపజాలదు. ఉన్న పట్టును చెడనీయదు, అంతే.

ఇక నేలల సంగతి. భారతములోని రెండు కథలు మీకు జ్ఞాపకము చేయుదును. నన్నయగారి సభాపర్వమున మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరని భ్రమసి వస్త్రము పైకెత్తుకొనెను. నీటిని నేలయని నమ్మి పడి తడిసెను. తిక్కనగారి కర్ణపర్వమున కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగెను. ఒకటి కంటికి కానరాని నేల వలని మోసము. రెండవది బరువు నోపలేని నేల వలని ఆపద. బండి పట్టు తప్పు విధములు నేటికిని ఈ రెండే.

కర్ణుని సంగతి కవులు శాపమని చెప్పిరి. దానిని కాదనుటకు నే నెవ్వడను? కాని బండి తోలినవాడు తడి నల్లరేగడిలో కమ్మీ ఎట్లు దిగునో ఎఱుగును. అచ్చట రబ్బరు తప్పును లేదు, ఇనుము తప్పును లేదు, మట్టియే తెగిపోవుచున్నది. చక్రము త్రిప్పినకొలది గొయ్యి లోతగును. అందుకే మన పెద్దలు చక్రము క్రింద గడ్డియో, రాళ్లో, గోనెయో వేసి మెల్లగా లాగించెడివారు. బరువును ఎక్కువ చోటుపై పఱచుట, తెగని వస్తువును నడుమ పెట్టుట, నెమ్మదిగా కదలించుట: ఆ మూడింటిలోను శాస్త్రమున్నది. ట్రాక్టరు టైరునకు పెద్ద పెద్ద పళ్లుండుటకు గూడ ఇదియే కారణము. అవి మెత్తని మట్టిలోనికి దిగి, అడుగున గల గట్టి మట్టిని పట్టుకొనును. కాని ఆ పళ్లే తారు రోడ్డుపై చోటు తగ్గించి పట్టు తగ్గించును. పొలములో మేలైనది రోడ్డుపై మేలు కాదు.

పాతబస్తీకి మరల వత్తము. 1591లో చార్మినారు కట్టిననాటి నుండి ఆ నగరమున రాయియే రాజు. 1908 సెప్టెంబరు 28వ నాటి మూసీ వఱద పిమ్మట ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థవారు కట్టించిన పత్తర్‌గట్టి రాతి దుకాణముల వరుస చూడని తెలుగువారు అరుదు. మా కాలమున చార్మినారు చుట్టుపట్ల పాదచారుల సౌకర్యమునకై గ్రానైటు దిమ్మెలు పఱచిరి. ఒకే చుట్టులో మీకచ్చట రాతి పఱపు, తారు, సిమెంటు కాంక్రీటు, ఇనుప మూతలు, తెల్లరంగు పట్టెలు, మట్టి నిండిన గుంటలు, అన్నియు దగులును. ఈ యొక్కొక్క దాని స్వభావము వేఱు.

రాయి: కొత్తగా చెక్కిన గ్రానైటు గరుకైనదే. కాని లక్షల పాదములు, వేల టైర్లు తోమి తోమి దానిని నునుపు చేయును. మన గుడి గడపను చూడుడు. తరతరముల పాదస్పర్శకు అద్దమైనది. నాపరాయి గ్రానైటు కంటె మెత్తనిది గాన ఇంకను త్వరగా నున్నబడును. తడిసినప్పుడు దానిపై చెప్పుకాలికే పట్టుండదు, టైరునకు ఎట్లుండును? ఇనుప మూతకును, దట్టముగా పూసిన రంగు పట్టెకును ఇదే దోషము. వానిలో మొనలు లేవు.

తారు: తారు రోడ్డున పట్టునిచ్చునది తారు కాదు, దానిలోని కంకర. తారు ఆ కంకరను పట్టియుంచు జిగురు మాత్రమే. మంచి తారు రోడ్డుపై గరుకు రెండు తరగతులుగా నుండవలెను. కంటికి కనబడు గరుకు, అనగా రాళ్ల నడుమ సందులు, నీటిని ప్రక్కకు పోనిచ్చును. వ్రేలికి మాత్రమే తెలియు గరుకు, అనగా ఒక్కొక్క రాతి పైనున్న ఇసుక కాగితపు స్వభావము, మిగిలిన సన్నని నీటి పొరను చీల్చుకొని రబ్బరును తాకును. రెండింటిలో ఏది తక్కువైనను తడి రోడ్డు ద్రోహము చేయును. మన యెండలకు తారు కరగి పైకి తేలి నల్లగా మెఱయు చోట్లుండును. అచ్చట కంకర మునిగిపోయినది. చూడ ముచ్చటగా నుండును గాని, తొలకరి నాడు అంత ప్రమాదమైన చోటు వేఱు లేదు.

కాంక్రీటు: వేయునప్పుడు తడి మీద చీపురుతోనో, పళ్ల దువ్వెనతోనో అడ్డముగా గీతలు గీయుట మంచి మేస్త్రీ లక్షణము. ఆ గీతలు అలంకారము కాదు. అవి నీటి కాలువలు. తాపీతో అద్దమువలె మెఱుగు పెట్టినవాడు పనితనము చూపితినని సంతోషించును గాని, దానిపై పాచి పట్టిన శ్రావణమున ముసలివారు పడుదురు.

గట్టి నేలపై వదులు వస్తువు: ఇది అన్నిటికంటె మాయసభకు దగ్గఱ. పొడి రోడ్డు, ఎండ, వెలుతురు. అయినను గుప్పెడు ఇసుక చాలును. ఇసుకరేణువు టైరునకును రోడ్డునకును నడుమ దొర్లును. టైరు ఇసుకను పట్టును; ఇసుక రోడ్డును పట్టదు. మొరము రాళ్లును అంతే. 2020 అక్టోబరు వానలలో చెఱువుల నీరు పాతబస్తీ దక్షిణపు కాలనీలలోనికి పొర్లి, తీసిన తరువాత సన్నని బురద పొరను విడిచిపోయినది. అట్టి బురద లోతుగా నుండి చక్రమును మ్రింగునది కాదు; వేలి మందము గూడ నుండదు. కాని గట్టి రోడ్డుపై పఱచిన సబ్బు వంటిది.

ఇప్పుడు చాయ్ దుకాణదారుని మాటకు అర్థము విడును. ఎండకాలమంతయు రోడ్డుపై బండ్ల నుండి కారిన నూనె, టైర్ల నుండి అరిగిన రబ్బరు పొడి, దుమ్ము పేరుకొని యుండును. తొలి చినుకులు దానిని కడుగుటకు చాలవు; కలుపుటకు మాత్రము చాలును. నీరు, నూనె, ధూళి గలిసి సన్నని జిడ్డు పొర యగును. వాన గట్టిగా కురిసిన పిమ్మట ఆ జిడ్డు కొట్టుకొనిపోవును. అప్పుడు రోడ్డు తడిగానే యున్నను మొదటి కంటె మేలు. కావున తొలకరి మొదటి గడియ గడచు వఱకు ఏ దుకాణపు చూరు క్రిందనో నిలుచుట పిఱికితనము కాదు, వివేకము.

నీరు హెచ్చుట వలని ప్రమాదము వేఱొకటి గలదు. అది సందులలోనిది కాదు, వేగముగా పోవు పెద్ద మార్గములలోనిది. మెహదీపట్నము నుండి ఆరాంఘరు వఱకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గము 2009లో తెఱచిరి. అట్టి మార్గముపై నీరు నిలిచియుండగా కారు వేగముగా బోయినచో, టైరు ముందరి నీరు ప్రక్కకు తప్పుకొనుటకు వ్యవధి యుండదు. చీలిక వలె టైరు క్రింద దూఱి దానిని పైకెత్తును. బండి పడవ యగును. విమానముల టైర్లపై చేసిన పరిశోధన వలన తేలిన సూత్రము ప్రకారము, చదరపు సెంటీమీటరునకు 2 కిలోల గాలి గల టైరు సుమారు గంటకు 90 కిలోమీటర్ల వేగమున నీటిపై తేలును. గాలి సగమైనచో 60 కిలోమీటర్లు దాటగనే తేలును. టైరు మీది గాళ్లు ఈ నీటిని బయటికి త్రోయుటకే యున్నవి. అవి అఱిగినచో నీటికి దారి లేదు. ఆ లోతు కార్లకు 1.6 మిల్లీమీటర్లు, ద్విచక్ర వాహనములకు 0.8 మిల్లీమీటర్లు తగ్గరాదని చట్టము. గుండుగీసిన టైరుపై ఇంకొక యేడు లాగుదమనువారు చట్టమునకు గాక, తమ యింటివారికి జవాబు చెప్పుకొనవలసి యుండును.

ఇక నా వృత్తికి దగిన మాట, లెక్క. పొడి తారుపై పట్టు, బరువులో సుమారు పదింట ఏడు వంతులు అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున బ్రేకు పట్టినచో బండి 9 మీటర్లలో నిలుచును. తడి చేత పట్టు సగమైనచో 18 మీటర్లు. వేగము 60 అయినచో పొడిపై 20, తడిపై 40 మీటర్లు. ఇది బ్రేకు పడిన తరువాతి లెక్క. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి కదలుటకు ఒక సెకను పట్టునని అనుకొన్నను, 40 వేగమున 11 మీటర్లు, 60 వేగమున దాదాపు 17 మీటర్లు అప్పటికే గడచిపోవును. వేగము రెట్టింపైనచో దూరము నాలుగు రెట్లు; ఇందు బేరము లేదు. మన పిల్లలు కొందఱు అమెరికాలోని చలి రాష్ట్రములలో నున్నారు. అచ్చట రోడ్డుపై కంటికి కనబడని మంచు గడ్డపొర కట్టినప్పుడు పట్టు పదింట ఒక వంతు మాత్రమే. 40 వేగమున పోవు బండి ఆగుటకు 63 మీటర్లు కావలెను.

“బరువైన బండి జారదు” అను మాట తఱచు వినుచుందుము. అది సగము లెక్క. బరువు హెచ్చినచో పట్టు హెచ్చునన్న మాట నిజము. కాని ఆపవలసిన బరువును అంతే హెచ్చినది. జమ ఖర్చులు రెండును సమానముగా పెరిగినప్పుడు మిగులు పెరుగదు.

మలుపుల లెక్క ఇంకను గట్టిది. పట్టు అనునది ఒక్కటే సంచి. మలుపు తిరుగుటయు, బ్రేకు వేయుటయు దానిలో నుండియే ఖర్చగును. సంచిలో నూఱు రూపాయలుండగా మలుపునకు 80 పోయినచో బ్రేకునకు ఎంత మిగులును? ఇరువది యని తోచును. కాని ఒకటి ప్రక్కకు, ఒకటి వెనుకకు లాగుచున్నవి గాన ఇది లంబకోణపు లెక్క, 60 మిగులును. పొడి రోడ్డున ఈ దయ యున్నది. అదే మలుపున, అదే వేగమున, వాన వచ్చి సంచిలో 50 మాత్రమే యున్నదనుకొనుడు. మలుపునకే 80 కావలెను. బ్రేకు ముట్టుకొనకున్నను బండి జారును. కావున వేగము తగ్గించుట మలుపునకు ముందు, బండి నిటారుగా నున్నప్పుడు జరుగవలెను. మలుపులో పడిన పిమ్మట కాదు. రెండు బ్రేకులును గలిపి, మెల్లగా, పిండినట్లు నొక్కవలెను. టైరులో గాలి నెలకొకసారియైన చూపవలెను. తలకు హెల్మెటు పెట్టుకొనవలెను. ఇవి అన్నియు తెలిసినవే. ఏల చేయవలెనో తెలిసినచో చేయుట సులభమగునని విన్నవించితిని.

మహాశయులారా! ఇంతవఱకు నగరపు రాళ్లను, మేస్త్రీలను, వానను తప్పు పట్టితిని. ఇప్పుడు నా తప్పు చెప్పుకొనవలసి యున్నది. మీలో పలువురికి తెలిసినదే యైనను, ఈ వేదికపై నా నోటితో చెప్పుట న్యాయము.

మూడేండ్ల క్రిందట, కోతల కాలమున, మా వడ్లు మన చెఱువుకట్ట మలుపున తారు రోడ్డుపై ఆరబోయించితిని. అందఱును పోయుచున్నారు గదా యని పోయించితిని. సాయంకాలము కుప్ప చేసి నల్లని పట్టా కప్పి, అంచులకు రాళ్లు పెట్టించితిని. రోడ్డుపై చెదరిన గింజలను ఊడ్పించలేదు. తెల్లవారుజామున పాలు తీసికొని పోవుచున్న మన యూరి బాలుడొకడు ఆ గింజలపై జారి, ఆ రాతిపై పడి కాలు విఱుగగొట్టుకొనెను. వైద్యపు ఖర్చు నేను భరించితిని. అందఱును నన్ను మెచ్చుకొనిరి. “వాడు వేగముగా వచ్చియుండును” అని నాతో అన్నవారే గాని, “నీ గింజల వలన పడినాడు” అని ఒక్కరును అనలేదు. నేనును ఆ మాటనే నమ్మితిని. ఆ పిల్లవాడు నేటికిని కొంచెము కుంటుచు నడచును.

పాతబస్తీలో నేను నేలపై బడి, లేచి, మా పిల్లవానిని మందలించినప్పుడు, “పిలగాన్ని అనకుండ్రి” అని ఒక అపరిచితుడు వారించెను. ఆ మాట విన్నంతనే నాకు ఆ బాలుడు జ్ఞప్తికి వచ్చెను. వానిని గుఱించి ఆనాడు నన్నెవ్వరును వారించలేదు. వడ్లగింజ గట్టిది, తారుపై దొర్లును. మక్కగింజ గుండ్రనిది; ఇంకను సులభముగా దొర్లును. ఇసుకను గుఱించి ఇంతకుముందు చెప్పిన దంతయు దానికి వర్తించును. అదియును మలుపున, చీకటిలో, పాల బరువుతో! వాని సంచిలో ఏమి మిగిలియుండెను? నేను లెక్కలు వచ్చినవాడను. ఆ లెక్క వేయవలసిన భారము వానిది కాదు, నాది.

కావున ఈ రజతోత్సవ సందర్భమున మీ ముందు మూడు ప్రార్థనలు. మొదటిది, చెఱువుకట్ట మలుపున గాని, మఱి యే మలుపున గాని ఇక ధాన్యము ఆరబోయరాదు. మనకు కళ్లములు చాలవనుట నిజము. అందఱము గలిసి ఊరి యుమ్మడి స్థలమున సిమెంటు కళ్లము కట్టించుకొందము. నా వంతు చందా నేడే ఇచ్చుచున్నాను. రెండవది, దమ్ము చేసిన ట్రాక్టర్లను ఇనుప చక్రములతో రోడ్డెక్కించరాదు. ఆ చక్రములు తారును చీల్చును; వానికంటిన బురద రోడ్డుపై రాలి వాన నాటికి జిడ్డగును. చక్రము విప్పుటకు పట్టు కాలము స్వల్పము. మూడవది, ఇకమీద మన వాడలలో వేయు సిమెంటు రోడ్లకు గీతలు గీయించవలెనని పంచాయతీవారు మేస్త్రీలకు ముందే చెప్పవలెను. ఉన్నవానిపై పాచిని వానకాలమున సున్నమో, బ్లీచింగు పొడియో చల్లి తోమించవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పురాణములను, కథలను, వార్తలను అందించినది. నేను బడిలో చదివినది స్వల్పము. ఈ బీరువాల ముందు కూర్చుండి చదివినదే నా చదువు. కర్ణుని రథచక్రమును గుఱించి చదివి ఎన్నిసార్లు కన్నీరు పెట్టుకొంటినో లెక్క లేదు. ఆ కన్నీటిలో ఒక్క బొట్టైనను ఆనాడు చెఱువుకట్ట మలుపున పడిన పిల్లవాని కొఱకు రాలలేదు. చదువునకు ఇంతకంటె పెద్ద లోటు వేఱు లేదని నే నిప్పుడెఱుగుదును.

ఆ బాలుడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చున్నాడు. వాడిప్పుడు మన గ్రంథాలయ సభ్యుడు. గత మాసమున యంత్రశాస్త్రపు పుస్తకము కావలెనని అడిగినాడట. దానిని తెప్పింపవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాను.